ఎమ్మారైని చూసే డాక్టరా? మిమ్మల్ని చూసే డాక్టరా?

మీ చేతిలో ఎమ్మారై కవరు ఉంది. "డిస్కు జారింది, ఆపరేషన్ చేయించుకోకపోతే కాలు పడిపోతుంది" అని ఎవరో అన్నారు. ఆ మాట చెవిన పడ్డప్పటి నుంచి ఇంట్లో ఎవరికీ అన్నం సహించడం లేదు. బావమరిది గుంటూరులో ఒక డాక్టరు పేరు చెబుతున్నాడు. పక్కింటావిడ విజయవాడ అంటోంది. ఊళ్ళో ఆర్‌ఎంపీ "నాకు బాగా తెలిసినాయన ఉన్నాడు, నేనే దగ్గరుండి తీసుకెళ్తా" అంటున్నాడు. ఎప్పుడో వెల్లూరు వెళ్ళొచ్చిన పెదనాన్న వెల్లూరు తప్ప ఇంకో పేరు ఎత్తడు. ఎవరి మాట వింటారు?

తెనాలి, బాపట్ల, రేపల్లె చుట్టుపక్కల ఉండేవాళ్ళకి ఈ చిక్కు ఇంకాస్త ఎక్కువ. పెద్ద డాక్టరుకి చూపించుకోవాలంటే చాలామంది గుంటూరో, మంగళగిరో, విజయవాడో బయల్దేరాలి. అంటే ఒక రోజు కూలి పోయినట్టే. తోడు ఒక మనిషి, ఆటో, బస్సు, మధ్యాహ్నం భోజనం. ఇన్ని ఖర్చుల మధ్య "మళ్ళీ ఇంకో డాక్టరు దగ్గరికి ఏం తిరుగుతాంలే" అనిపించడం సహజం. సరిగ్గా అక్కడే తొందరపడతాం.

ఈ అధ్యాయంలో ఏ డాక్టరు పేరూ చెప్పను. ఎదురుగా కూర్చున్న డాక్టర్ని మీరే ఎలా అంచనా వేసుకోవచ్చో చెబుతాను. చదువుకోకపోయినా చేయగల పనే ఇది.

1. ముందు మీకు ఎంత వ్యవధి ఉందో తేల్చుకోండి

డాక్టర్ని ఎంచుకునే తీరిక అందరికీ ఉండదు. మూత్రం ఆగిపోయింది, లేదా తెలియకుండానే పోతోంది. కూర్చునే చోట, తొడల మధ్య స్పర్శ తెలియడం లేదు. రెండు కాళ్ళూ పట్టు తప్పుతున్నాయి. ఇందులో ఏది ఉన్నా ఈ పుస్తకం మూసేసి 108కి ఫోన్ చేయండి. వెన్నెముక కింది భాగంలో నరాల కట్ట మొత్తం నొక్కుకుపోయిందేమోనని అనుమానించాల్సిన పరిస్థితి అది. గంటల లెక్కలో ఆపరేషన్ కావాల్సి రావచ్చు. అప్పుడు పేరున్న డాక్టరు కాదు, ఆ రాత్రే ఆపరేషన్ చేయగల ఆసుపత్రి ముఖ్యం. గుంటూరు ప్రభుత్వ సర్వజనాసుపత్రి అయినా సరే, ఇంకోటైనా సరే.

రేపల్లె, నిజాంపట్నం, బాపట్ల వైపు తాటిచెట్టు మీంచి గీత కార్మికులు పడటం కొత్త సంగతి కాదు. పడగానే జనం ఏం చేస్తారు? ఒకరు చంకల కింద, ఒకరు కాళ్ళ దగ్గర పట్టుకుని ఎత్తేస్తారు. ఆటోలో కూర్చోబెడతారు. చెట్టు మీంచి పడినప్పుడు చెడని నరం ఆ ఎత్తడంలో చెడిపోవచ్చు. 108 వచ్చేదాకా మనిషిని కదపకండి. కదపక తప్పకపోతే తల, మెడ, నడుం ఒక్క వరసలో ఉండేలా నలుగురు కలిసి ఒక్కసారే తిప్పి, వెడల్పాటి చెక్క మీదికి చేర్చండి. పుత్తూరు కట్టు మీద మన వాళ్ళకి గురి ఎక్కువే. చెయ్యి విరిగినప్పుడు ఆ కట్టు సంగతి మీ ఇష్టం, వెన్నెముక దెబ్బకి మాత్రం ఆ ఊసే ఎత్తకండి.

కొన్నింటికి గంటల తొందర లేదు గానీ వారాలు నానబెట్టకూడదు. నడుస్తుంటే పాదం పైకి లేవక నేలకి తగులుతోందా? కాలి చెప్పు జారిపోయినా తెలియడం లేదా? చొక్కా గుండీలు పెట్టుకోవడానికి వేళ్ళు తడబడుతున్నాయా? చివరి రెండూ నడుంలో కాదు, మెడలో ఏదో నొక్కుతోందని చెప్పే గుర్తులు. "వయసు మీద పడింది కదా" అని ఇంట్లో వాళ్ళు సరిపెట్టుకుంటారు, మెడ సంగతి ఎవరికీ తట్టదు. అలాగే సాయంత్రం జ్వరం, బరువు తగ్గడం, రాత్రి పడుకున్నా వదలని నడుం నొప్పి కలిసి ఉంటే వెన్నెముక క్షయ కావచ్చు. మన దేశంలో ఇది అరుదేమీ కాదు. చాలామందికి కత్తి పడకుండా మందులతోనే నయమవుతుంది, ఆ మందులు ప్రభుత్వం ఉచితంగా ఇస్తుంది.

ఇవేవీ లేవా? నడుం నుంచి కాలిలోకి లాగుతోంది, కానీ కాలు బలంగానే ఉంది, మూత్రం మామూలుగానే ఉంది. అయితే ఊపిరి పీల్చుకోండి. డిస్కు వల్ల వచ్చే కాలి లాగుడు చాలామందికి 6 నుంచి 12 వారాల్లో చాలావరకు తగ్గిపోతుంది. జారిన ముక్కని ఒళ్ళే మెల్లగా కరిగించుకుంటుంది. మీకు వ్యవధి ఉంది. "రేపే చేర్పించండి" అని ఎవరైనా హడావిడి చేస్తే, ఎందుకో అడగండి.

2. రిపోర్టు చదివి బెదిరిపోకండి

రిపోర్టులో 'డిజెనరేషన్', 'బల్జ్', 'ఇండెంటేషన్' అని వరసగా ఉంటాయి. చదివితే ఉన్న ధైర్యం కూడా పోతుంది. 2015లో అమెరికా పరిశోధకులు 33 అధ్యయనాలను ఒకచోట చేర్చి చూశారు. అందులో ఉన్న 3,110 మందికీ నడుం నొప్పి లేదు. అయినా 20 ఏళ్ళ వాళ్ళలో 30 శాతం మందికి, 80 ఏళ్ళ వాళ్ళలో 84 శాతం మందికి స్కానింగులో డిస్కు ఉబ్బు కనిపించింది. తల నెరిసినట్టే డిస్కులూ వయసుతో మారతాయి. ఫిల్ములో కనిపించిందల్లా రోగం కాదు.

అందుకని ఎవరైనా రిపోర్టు కాగితం ఒక్కటే చదివి, మిమ్మల్ని మంచం ఎక్కించకుండా, కాలు పట్టి చూడకుండా "ఆపరేషన్" అన్నారంటే అది కాగితానికి చేసే ఆపరేషన్.

3. లంకె అడగండి

ఈ అధ్యాయంలో ఒక్కటే గుర్తుపెట్టుకోగలిగితే ఇదే గుర్తుపెట్టుకోండి. మీ నొప్పి ఎక్కడుందో ఒకటి, డాక్టరు చేత్తో పరీక్షించి కనిపెట్టింది రెండు, ఎమ్మారైలో ఉన్నది మూడు. ఈ మూడూ ఒకే నరం వైపు వేలు చూపించాలి. అలా చూపిస్తేనే ఆపరేషన్ ఫలితం ఇచ్చే అవకాశం ఎక్కువ.

ఇంట్లోనే కొంత గమనించుకుని వెళ్ళండి. ఎల్4–ఎల్5, అంటే నడుములోని నాలుగో, ఐదో పూసల మధ్య డిస్కు జారితే సాధారణంగా ఎల్5 నరం నలుగుతుంది. అప్పుడు లాగుడు పిక్క బయటి పక్క నుంచి పాదం పైభాగానికి, బొటనవేలి దాకా వస్తుంది. బొటనవేలు పైకెత్తడం కష్టమవుతుంది. మడమల మీద నడవలేరు. దాని కింది డిస్కు, అంటే ఎల్5–ఎస్1 జారితే ఎస్1 నరం. అప్పుడు పిక్క వెనక నుంచి అరికాలికి, చిటికెన వేలి వైపుకి తిమ్మిరి. మునివేళ్ళ మీద లేచి నిలబడలేరు. అద్దం ముందు నిలబడి ఒక్క నిమిషం చూసుకుంటే చాలు. ఏ కాలు, ఏ పక్క, ఏ వేలు అన్నది ఒక కాగితం మీద రాసుకోండి. "నడుం దగ్గర్నుంచి కిందదాకా అంతా నొప్పేనండీ" అని చెబితే ఎంత మంచి డాక్టరైనా వెతుక్కోవాల్సిందే.

ఇప్పుడు ఒక సందర్భం ఊహించుకుందాం. రేపల్లె దగ్గర పల్లెలో నాట్లు వేసే యాభై ఏళ్ళ మనిషి. ఎడమ కాలు లాగుతోంది. ఎమ్మారైలో ఎల్4–ఎల్5 దగ్గర ఉబ్బు ఉంది, కానీ అది కుడి పక్కకి. మొదటి డాక్టరు ఫిల్ము చూసి "అదిగో డిస్కు" అన్నారు. రెండో డాక్టరు మంచం మీద పడుకోబెట్టి, కాలు నిటారుగా ఎత్తి చూసి, తుంటి తిప్పి చూశారు. తుంటి తిప్పగానే ఆవిడ కెవ్వుమంది. "అమ్మా, మీ బాధ నడుంలో లేదు, తుంటి కీలులో ఉంది" అన్నారు. మొదటాయన చదువులో లోటు లేకపోవచ్చు. పరీక్షించడానికి పట్టే ఐదు నిమిషాలు ఆయన ఇవ్వలేదు. మీరు వెతకాల్సింది ఆ ఐదు నిమిషాలు ఇచ్చే మనిషిని.

మరి అడగడానికి మొహమాటమా? మన దగ్గర డాక్టరు గారిని ప్రశ్నించడమంటే అనుమానించినట్టే అనుకుంటారు. దానికి ఒక మార్గం ఉంది. ఇంట్లో వాళ్ళ మీద పెట్టేయండి. "డాక్టరు గారూ, ఇంటికెళ్ళి మా పెద్దవాళ్ళకి చెప్పాలండీ, ఏ నరం నొక్కుకుందో ఫిల్ములో ఒకసారి చూపిస్తారా? నా కాలి నొప్పి దానివల్లేనా?" ఇంత మర్యాదగా అడిగినా విసుక్కునే డాక్టరు, రేపు కుట్ల దగ్గర చీము పట్టిందని ఫోన్ చేస్తే ఏమంటారో మీరే ఊహించుకోండి.

4. కాలికా, నడుముకా?

ఇది చాలామంది అడగడం మరిచిపోయే ప్రశ్న. నలిగిన నరాన్ని వదిలించే ఆపరేషన్ కాలి లాగుడుకి బాగా పనిచేస్తుంది. కాలిలోకి రాని ఉత్త నడుం నొప్పికి అంత నమ్మకంగా చెప్పలేం. "నాకు ఏ నొప్పి తగ్గుతుంది, ఏది మిగులుతుంది?" అని నేరుగా అడగండి. "మొత్తం పోతుంది, గ్యారంటీ" అన్నవారి కంటే "కాలు బాగుపడుతుంది, నడుం కొంత ఉంటుంది" అన్నవారి మాటకే నేనైతే విలువిస్తాను.

స్క్రూలు, రాడ్లు వేస్తామంటే ఇంకాస్త ఆగి అడగండి. ఎముక విరిగినప్పుడు, ఒక పూస మీంచి ఇంకోటి జరిగినప్పుడు, వంకర తిరిగినప్పుడు, లేదా నరాన్ని వదిలించడానికి ఎముక బాగా తీయాల్సి వచ్చినప్పుడు వాటి అవసరం ఉంటుంది. మామూలుగా మొదటిసారి డిస్కు జారితే చాలామందికి జారిన ముక్క తీస్తే సరిపోతుంది. "పూసలు కదులుతున్నాయని దేనివల్ల తెలిసింది? ముందుకీ వెనక్కీ వంచి ఎక్స్‌రే తీశారా?" అని అడగండి. బస్టాండు పక్క ఫ్లెక్సీ మీద ఉండే 'లేజర్', 'కీహోల్', 'కుట్లు లేని' మాటలకి మరీ మురిసిపోకండి. కోత ఎంత చిన్నదన్నది రెండో సంగతి. అసలు కోయాలా వద్దా అన్నది మొదటిది.

5. బోర్డు మీది అక్షరాలు

ఎముకల డాక్టరా, నరాల డాక్టరా? ఇద్దరూ వెన్నెముక ఆపరేషన్లు చేస్తారు. ఆర్థోపెడిక్స్‌లో ఎం.ఎస్. లేదా డి.ఎన్.బి. చేసి ఆపైన వెన్నెముకలో ఫెలోషిప్ చేసినవారు ఒక రకం. న్యూరోసర్జరీలో ఎం.సిహెచ్. చేసినవారు ఇంకో రకం. జాతీయ పరీక్షల మండలి ఇచ్చే వెన్నెముక ఫెలోషిప్‌ని బోర్డు మీద ఎఫ్.ఎన్.బి. అని రాసుకుంటారు. డిస్కుకీ, నరాల దారి ఇరుకైనదానికీ ఇద్దరిలో ఎవరైనా సరే, ఆ పని తరచుగా చేస్తూ ఉంటే చాలు. వంకర తిరిగిన వెన్నెముక సాధారణంగా ఆర్థో వైపు పని. నరాల పొరలోపల గడ్డ ఉంటే న్యూరోసర్జన్. ఊళ్ళో 'నరాల డాక్టరు' అని మందులిచ్చే న్యూరాలజిస్టునీ అంటారు, ఆయన ఆపరేషన్ చేయరు.

2002 నాటి వైద్య నీతి నియమావళి ప్రకారం ప్రతి డాక్టరూ రిజిస్ట్రేషన్ నంబరును క్లినిక్‌లో పెట్టాలి, మందుల చీటీ మీద కూడా వేయాలి. మీ పిల్లల చేత ఆ నంబరును జాతీయ వైద్య కమిషన్ రిజిస్టరులో వెతికించండి. ఇదేమీ గూఢచర్యం కాదు.

"ఇలాంటి ఆపరేషన్లు నెలకి ఎన్ని చేస్తారండీ?" అని కూడా అడగొచ్చు. మోకాళ్ళు, తుంట్లు, విరిగిన చేతులు, వాటి మధ్యలో ఎప్పుడో ఒక వెన్నెముక చేసేవారి కంటే, రోజూ అదే పని చేసేవారి చెయ్యి తిరిగి ఉంటుంది.

6. ఆ రాత్రి ఎవరుంటారు?

మన పట్టణాలకి ఇది చాలా పెద్ద ప్రశ్న. వారానికోసారి పెద్ద ఊరి నుంచి వచ్చి చూసి వెళ్ళే డాక్టరు దగ్గర చూపించుకోవడంలో తప్పు లేదు. ప్రయాణం కలిసొస్తుంది. కానీ ఆపరేషన్ ఎక్కడ? అయ్యాక ఆయన కారెక్కి వెళ్ళిపోతే రాత్రి మిమ్మల్ని చూసేదెవరు?

ఎందుకంటే వెన్నెముక ఆపరేషన్ తర్వాత అరుదుగా లోపల రక్తం గడ్డకట్టి నరాల మీద ఒత్తిడి తెస్తుంది. పొద్దున కదిలిన వేళ్ళు రాత్రికి కదలవు. దాన్ని గంటల్లో పట్టుకుని మళ్ళీ తెరిస్తే కాళ్ళు నిలబడతాయి, ఆలస్యమైతే చెప్పలేం. కాబట్టి అడగండి: "రాత్రి డ్యూటీ డాక్టరు ఉంటారా? కాళ్ళు ఎన్ని గంటలకోసారి చూస్తారు? అర్ధరాత్రి అవసరమైతే ఎమ్మారై, ఆపరేషన్ థియేటర్, మత్తు డాక్టరు ఉంటారా? మీరు ఎంతసేపట్లో రాగలరు?" ఈ జవాబులు సరిగ్గా లేని చోట ఎంత గొప్ప డాక్టరైనా నేను చేయించుకోమనను. ఇంటికి దగ్గరన్న ఒక్క కారణంతో ఆసుపత్రిని ఎంచుకోకండి. పేరు మోసిందన్న ఒక్క కారణంతో వెల్లూరు దాకానూ వెళ్ళకండి. మామూలు డిస్కు ఆపరేషన్‌కి అంత దూరం అక్కర్లేదు. తిరిగి చూపించుకోవాల్సిన ప్రతిసారీ రైలెక్కాలి.

7. రెండో మాట విని తీరండి

మూత్రం, కాళ్ళ బలం బాగున్నంతకాలం రెండో డాక్టరుని కలిసే వ్యవధి మీకు ఉన్నట్టే. ఎలా కలవాలి? రిపోర్టు ఒక్కటే కాదు, ఫిల్ములూ సీడీ కూడా పట్టుకెళ్ళండి. మొదటి డాక్టరు ఏమన్నారో ముందే చెప్పకండి. ఆపరేషన్ చేసినా చేయకపోయినా డాక్టరు రాబడిలో తేడా పడని చోట అడగడం ఇంకా మంచిది. ఉదాహరణకి, మంగళగిరి ఎయిమ్స్ ఓపీ 2019 నుంచి నడుస్తోంది. తెనాలి నుంచి దుగ్గిరాల మీదుగా వెళ్ళొచ్చు. రద్దీ ఉంటుంది, ఒక పూట పోతుంది. పోనివ్వండి.

పాత ఆసుపత్రి కాగితాలివ్వనంటే? మీరు అడిగిన 72 గంటల్లో వైద్య రికార్డులు ఇవ్వాలని అదే 2002 నియమావళి చెబుతోంది. కాగితం మీద రాసి ఇచ్చి, అందినట్టు సంతకం తీసుకోండి.

ఇద్దరు డాక్టర్లు చెరో మాట చెప్పారా? కంగారు పడకండి. ఇద్దరినీ అడగాల్సిన ప్రశ్న ఒక్కటే: "ఆరు వారాలు ఆగితే నాకు పోయేదేమిటి?" దీనికి ఎవరు వివరంగా జవాబు చెబితే వాళ్ళ వైపు మొగ్గండి.

ఆర్‌ఎంపీ గారి సంగతి. అర్ధరాత్రి తలుపు కొడితే లేచి వచ్చేది ఆయనే, ఆ కృతజ్ఞత ఉండాల్సిందే. కానీ రోగిని పంపినందుకు కమీషన్ ఇవ్వడం, పుచ్చుకోవడం ఆ నియమావళి డాక్టర్లకి నిషేధించింది. అయినా ఆ అలవాటు ఊళ్ళలో ఎరగని వాళ్ళు లేరు. ఆయన "పెద్దమ్మా, నా మాట విను, ఈయనే సరైనాయన" అంటే "సరే నాయనా, ఇంకొకరికి కూడా చూపించి వస్తా" అనండి. రిక్షా ఎక్కడానికి తోడొస్తానంటే రానివ్వండి, డాక్టరు గది లోపలికి మీ కొడుకో కూతురో వస్తే చాలు.

8. కార్డూ, సంతకమూ

2007లో ఆరోగ్యశ్రీగా మొదలై ఇప్పుడు ఎన్టీఆర్ వైద్య సేవ పేరుతో నడుస్తున్న పథకంలో మీ ఆపరేషన్ ఉందో లేదో, ఆ ఆసుపత్రికి దానికి అనుమతి ఉందో లేదో చేరకముందే పథకం హెల్ప్‌డెస్కులో అడగండి. "ఆపరేషన్ కార్డు మీద, స్క్రూలకి బయట కట్టాలి" అని ఎవరైనా అంటే అదే హెల్ప్‌డెస్కు దగ్గరికి వెళ్ళి నిజమేనా అని కనుక్కోండి. డబ్బు కట్టేవాళ్ళయితే అంచనా ఖర్చు కాగితం మీద అడగండి. అందులో స్క్రూల ధర, ఐసీయూ రోజులు విడివిడిగా ఉండాలి.

సంతకం పెట్టే కాగితం తెలుగులో చదివించుకోండి. ఒక పనికి ఇచ్చిన ఒప్పుకోలు ఇంకో పనికి చెల్లదని, ప్రాణాపాయం ఉంటే తప్ప, సుప్రీంకోర్టు 2008లో సమీరా కోహ్లీ కేసులో చెప్పింది. ఏ పూసల మధ్య, ఏ పక్క, ఏ ఆపరేషన్, స్క్రూలు ఉన్నాయా లేవా అన్నది అందులో రాసి ఉందో లేదో చూడండి.

9. మీ వంతు

షుగరు అదుపులో లేకపోతే కుట్లు మానవు, చీము పడుతుంది. మంచి డాక్టరు ముందు షుగరు తగ్గించుకు రమ్మంటారు, దానికి కోపం తెచ్చుకోకండి. చుట్ట, బీడీ, సిగరెట్టు మానమంటే బేరమాడకండి. పొగ తాగేవాళ్ళకి ఎముక అతుక్కోవడం కష్టం. గుండెకి వాడే రక్తం పలచబరిచే బిళ్ళలు ఉంటే ముందే చెప్పండి, వాటిని సొంతంగా ఆపేయకండి.

ఆపరేషన్ తర్వాత రోజులు ఎలా ఉంటాయో కూడా డాక్టరు నోటే చెప్పించండి. కింద కూర్చోవచ్చా? ఇంట్లో ఉన్నది నేల దొడ్డి అయితే ఎన్నాళ్ళు వాడకూడదు? కమోడ్ కుర్చీ కొనాలా? రేపల్లె నుంచి వచ్చినవాళ్ళు ఇంటికి ఎలా వెళ్ళాలి, కారులో పడుకునా, రైల్లో కూర్చునా? నాట్లకి, మినుము తీతకి ఎప్పుడు వంగొచ్చు? అరటి గెల ఎప్పుడు మొయ్యొచ్చు? బస్సు నడిపే ఉద్యోగమైతే సెలవు ఎన్నాళ్ళు పెట్టాలి? కుట్లు తెనాలిలోనో బాపట్లలోనో తీయించుకోవచ్చా, మళ్ళీ అక్కడికే రావాలా? ఎర్రబడినా, నీరు కారినా, జ్వరం వచ్చినా ఏ నంబరుకి ఫోన్ చేయాలి, ఎత్తేదెవరు? ఆ నంబరు డిశ్చార్జి కాగితం మీద పెన్నుతో రాయించుకున్నాకే మంచం దిగండి.